కోరంగి: రేవు పోయి మడ అడవి మిగిలిన ఊరు

"తెలుగువాళ్ళు" అని పైదేశాల్లో మనల్ని పిలవడం ఈమధ్య వచ్చిన అలవాటు. నూరేళ్ళ కిందట బర్మాలో మనవాళ్ళని పిలిచిన పేరు వేరే. శ్రీకాకుళం నుంచి వెళ్ళినా, నెల్లూరు నుంచి వెళ్ళినా అక్కడ అందరూ "కోరంగీలే". మారిషస్‌లో కూడా తెలుగువాళ్ళకి ఆ పేరే అంటుకుంది. గోదావరి ముఖద్వారంలోని ఒక చిన్న ఊరి పేరు మొత్తం ఒక జాతికి పేరైపోయింది. అలాంటి ఊరు ఇప్పుడెలా ఉంది అంటే, అక్కడ ఓడలు లేవు, రేవు లేదు. మడ అడవి ఉంది. ప్రభుత్వం బోర్డు పెట్టి కాపాడుతున్న అభయారణ్యం ఉంది.

మా పెద్దలది తాళ్ళరేవు వైపు. కోరంగి పక్కనే. మేం హోసూరు రోడ్డు పక్కన బొమ్మనహళ్ళిలో ఇల్లు కట్టుకుని ముప్ఫై ఏళ్ళు దాటింది. మా పిల్లలకి కన్నడం తెలుగు కంటే బాగా వచ్చు. "మన ఊరు ఏది?" అని వాళ్ళు అడిగితే "కాకినాడ దగ్గర" అని తేల్చేస్తూ వచ్చాం. ఆ "దగ్గర" అనే మాట వెనక ఎంత చరిత్ర ఉందో మన బయటి కుటుంబాల వాళ్ళందరికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాం.

రేవు రోజులు

గోదావరి ధవళేశ్వరం దాటాక పాయలుగా విడిపోతుంది. వాటిలో గౌతమి యానాం పక్కనుంచి సముద్రానికి పోతుంది. ఆ గౌతమి నుంచి చీలిన ఒక చిన్న పాయ ఉత్తరానికి తిరిగి కాకినాడ అఖాతంలో కలుస్తుంది. అదే కోరంగి నది. మన పురాణాల లెక్కలో సప్త గోదావరుల్లో ఆత్రేయ పాయ కలిసేది ఇక్కడే. పక్కనే ఉన్న చొల్లంగిలో తుల్యభాగ కలుస్తుంది. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగి తీర్థంలో మునిగి సప్తసాగర యాత్ర మొదలుపెట్టి, భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరడం గోదావరి జిల్లాల్లో పాత ఆచారం. అంటే ఓడలు రాకముందు నుంచీ ఈ చోటు జనం నడిచి వచ్చిన చోటే.

రేవుగా దీని గొప్పతనం ఒకటే. సముద్రం గాలికి చెలరేగినా లోపల నీళ్ళు నిలకడగా ఉండేవి. తూర్పు తీరంలో అలాంటి చోట్లు తక్కువ. మద్రాసులో ఓడలు నడిసముద్రంలో లంగరు వేసి, మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో ఒడ్డుకి దింపుకునే రోజులవి. డచ్చివాళ్ళు ముందు వచ్చారు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ళు పాతుకున్నారు. కూతవేటు దూరంలో యానాం ఫ్రెంచివాళ్ళది. 1954 దాకా వాళ్ళ చేతిలోనే ఉంది. ఇంజరం, నీలపల్లిలో ఇంగ్లీషు కంపెనీ బట్టల కొనుగోలు. ఈ చుట్టుపక్కల నేతగాళ్ళు నేసిన సన్న బట్ట ఇక్కడి నుంచే ఓడెక్కేది.

కోరంగిలో ఓడలు కట్టేవాళ్ళు, దెబ్బతిన్న ఓడల్ని బాగుచేసేవాళ్ళు. 19వ శతాబ్దం మొదట్లో ఇక్కడ ఓడల మరమ్మతుకి డాక్ కట్టారు. కలకత్తాకీ త్రింకోమలీకీ మధ్య పెద్ద ఓడని ఎక్కించి అడుగు బాగుచేయగలిగే చోటు ఇదొక్కటేనని ఆ రోజుల్లో పేరు. ఆ పనితనం రేవుతో పాటే పోలేదు. కొయ్య పడవలు కట్టే వడ్రంగులు తాళ్ళరేవులో మొన్నమొన్నటి దాకా పేరున్నవాళ్ళే. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎవరైనా నాజూగ్గా పని చేయకపోతే "పడవకి మేకు కొట్టినట్టు కొట్టావు" అనేవాళ్ళు. ఆ మాట ఎక్కడిదో ఇప్పుడు అర్థమవుతోంది.

రెండు ఉప్పెనలు

1789 డిసెంబరులో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడింది. వరుసగా మూడు పెద్ద అలలు వచ్చాయని, మొదటిది ఓడల్ని ఒడ్డెక్కిస్తే మిగిలిన రెండూ ఊరిని ముంచాయని తరవాతి రోజుల్లో రాశారు. చచ్చిపోయినవాళ్ళు 20 వేలు అని పుస్తకాల్లో ఉంది. ఊరు మళ్ళీ లేచింది. యాభై ఏళ్ళు తిరిగేసరికి, 1839 నవంబరు 25న, ఇంకో ఉప్పెన. ఈసారి అల 40 అడుగులు లేచిందని, 3 లక్షల మంది పోయారని, 20 వేల పడవలు ముక్కలయ్యాయని ప్రపంచమంతటా తుఫానుల జాబితాల్లో ఇప్పటికీ వేస్తారు. ఈ అంకెలు గుండ్రంగా ఉన్నాయి, ఒకరి పుస్తకం నుంచి ఇంకొకరి పుస్తకానికి చేతులు మారుతూ వచ్చాయి. 3 లక్షల మంది ఒక్క కోరంగి ఊళ్ళో ఉండే అవకాశం లేదు. తీరం మొత్తం కలిపి చెప్పినా ఆ లెక్కని జాగ్రత్తగానే చూడాలి. ఊరి వెన్ను విరిగిందన్నది మాత్రం నిజం.

ఈ తుఫాను ఇంకో పని కూడా చేసింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఇంగ్లీషు అధికారి ఉండేవాడు. తుఫాను గాలి తిన్నగా వీయదు, గుండ్రంగా తిరుగుతుంది అని నిరూపించడానికి ఓడల లాగ్‌బుక్కులు పోగేసేవాడు. 1839 కోరంగి తుఫాను మీద కూడా అలాగే ఒక వ్యాసం రాశాడు. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో, చుట్ట చుట్టుకున్న పామును గుర్తుచేసే గ్రీకు మాట తీసుకుని "సైక్లోన్" అనే పదాన్ని తెచ్చాడు. ఇవాళ వాతావరణ వార్తల్లో రోజూ వినే ఆ మాట పుట్టడంలో మన కోరంగికి కూడా భాగం ఉందన్నమాట.

ఊరి పేరు ఓడెక్కింది

1833లో నందన నామ సంవత్సరపు కరువు, దాని వెనకే ఉప్పెన. మరోపక్క, ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో బానిసత్వం రద్దయ్యాక మారిషస్ చెరుకు తోటలకి కూలీలు కావలసి వచ్చారు. ఆకలి ఇక్కడ, పని అక్కడ. 19వ శతాబ్దం నడుమ "కోరింగా ప్యాకెట్" అనే ఓడలో తెలుగు కూలీలు మారిషస్ చేరిన సంగతి అక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళు తెలుగు మర్చిపోలేదు. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. రెండు రైళ్ళు మారితే ఊరు చేరే మనం, ఏడు తరాలుగా సముద్రం అవతల ఉన్న వాళ్ళని చూసి నేర్చుకోవలసింది ఉంది.

బర్మా కథ ఇంకా పెద్దది. మన పెద్దలు రంగూన్‌ని "రంగం" అనేవాళ్ళు. "రంగం పోయాడు" అంటే డబ్బు కోసం పోయాడని అర్థం. అప్పటికి కోరంగి రేవు చిన్నబోయింది, ఓడలు కాకినాడ, విశాఖ, భీమిలి నుంచి బయల్దేరేవి. పేరు మాత్రం కోరంగిదే నిలిచింది. మేస్త్రీ ముందు డబ్బిచ్చి ఓడెక్కించేవాడు. అక్కడ రేవులో మూటలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం. మా ముత్తాత తరంలో ఇద్దరు రంగం వెళ్ళారు. ఒకరు తిరిగొచ్చారు. రెండో ఆయన పేరు మీద మా ఇంట్లో చాలా ఏళ్ళు ఏ కార్యమూ చేయలేదు, ఎందుకంటే ఆయన పోయాడని ఎవరూ ఖాయంగా ఒప్పుకోలేదు.

ఆ పేరు అక్కడ గౌరవంగా పలికిన పేరు కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ చోట బర్మావాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరాక మళ్ళీ తెలుగువాళ్ళని తీసుకుని బర్మావాళ్ళని పొమ్మన్నారు. దాంతో గొడవలు లేచి వందమందికి పైగా పోయారు, చాలామటుకు మనవాళ్ళే. ఇద్దరు పేదవాళ్ళని ఒకే కూలి కోసం నిలబెట్టిన కథ అది. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచొచ్చారు. 1960ల్లో సైనిక ప్రభుత్వం దుకాణాలన్నీ తీసేసుకున్నాక మిగిలినవాళ్ళూ చాలామంది వచ్చేశారు. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వచ్చినవాళ్ళదే.

ఒండ్రు ఏం చేసింది

రేవుని చంపింది ఉప్పెనలు మాత్రమే కాదు, ఒండ్రు కూడా. గోదావరి ఏటేటా తెచ్చి పోసే మట్టి పాయ నోటికి అడ్డంగా మేట వేసింది. పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలు వచ్చాయి. సరుకు పడవలు తిన్నగా కాకినాడ చేరసాగాయి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండుకి అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇక్కడి పత్తికి గిరాకీ పుట్టి కాకినాడ ఒక్కసారి పైకి లేచింది. కోరంగి మెల్లిగా పల్లెగా మారింది.

కానీ రేవుకి చేటయిన ఆ మట్టే ఇంకో రెండు పనులు చేసింది. ఒకటి, సముద్రంలోకి పొడుగ్గా ఒక ఇసుక దిబ్బని పేర్చింది. దాన్నే హోప్ ఐలాండ్ అంటారు. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. రెండు వందల ఏళ్ళ వయసు మాత్రమే ఉన్న కొత్త నేల అది. కాకినాడ రేవుకి అదే అడ్డుగోడ, బంగాళాఖాతం అలల్ని అదే ముందు కాచుకుంటుంది. వేటకి వచ్చి పాకలు వేసుకున్న మత్స్యకారుల వల్ల అక్కడ పుత్రయ్యపాకలు అనే చిన్న పల్లె కూడా వెలిసింది. పేరులోనే పాకలున్నాయి చూడండి. ఈరోజుల్లో మనం సరదాకి టెంట్లు వేసుకుని క్యాంపింగ్ అంటాం. వాళ్ళకి అది బతుకుదెరువు.

రెండోది, మడ అడవి. దిబ్బ వెనక అలలు లేని బురద, రోజుకి రెండు సార్లు వచ్చిపోయే పోటు నీళ్ళు, నది తెచ్చే తీపి నీళ్ళు. మడకి కావలసింది ఇదే. నల్లమడ, తెల్లమడ, పొన్న, తిల్ల లాంటి చెట్లు అక్కడ దట్టంగా పెరిగాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి మడ చెట్టు వేళ్ళు మేకుల్లా నేలలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయి. ఎక్కువైన ఉప్పుని ఆకుల మీదికి నెట్టేస్తుంది. పొన్న జాతి చెట్లలో గింజ కొమ్మనే మొలకెత్తి, బారెడు మొలకగా కిందపడి బురదలో గుచ్చుకుంటుంది. తిల్ల పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయని మా పెద్దవాళ్ళు పిల్లల్ని దాని దగ్గరికి పోనిచ్చేవాళ్ళు కాదు.

అభయారణ్యం అయ్యాక

ఈ అడవి చాలా కాలం వంటచెరకు అడవే. పొయ్యిలోకి కర్ర, పాకకి రాటలు, దడికి కంప, పశువులకి మేత అన్నీ అక్కడివే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1978లో ఈ అడవిని కోరింగ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి.

ప్రకటన కాగితం మీద తేలిక. ఊళ్ళో దాని అర్థం, నిన్నటిదాకా తెచ్చుకున్న కర్ర ఇవాళ నేరం. ఆ కష్టం ముందు పడింది అడవి అంచున ఉన్న మత్స్యకారుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు. ఇది చెప్పకుండా అభయారణ్యం గొప్పలు చెప్పడం న్యాయం కాదు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీ శాఖ కలిసి ఊళ్ళవాళ్ళతోనే సంఘాలు పెట్టించి పని మొదలుపెట్టాక కొంత మార్పు వచ్చింది. మడ చచ్చిపోయిన చోట్ల ఊరికే మొక్కలు పాతలేదు. పోటు నీళ్ళు అందక ఉప్పు పేరుకుపోయిందని గుర్తించి చేపముల్లు ఆకారంలో చిన్న కాలవలు తవ్వించారు. నీళ్ళు వచ్చిపోవడం మొదలయ్యాక మడ మళ్ళీ పట్టుకుంది.

ఇది చదువుతున్నప్పుడు మాకు మా బొమ్మనహళ్ళే గుర్తొచ్చింది. గట్టి వాన పడితే సిల్క్‌బోర్డు జంక్షన్ దగ్గర మోకాటి లోతు నీళ్ళు. ఒకప్పుడు ఆ వాన నీళ్ళు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పోయే రాజకాలువల మీద ఇళ్ళు లేచాయి. అక్కడ నీళ్ళు రాక అడవి ఎండింది, ఇక్కడ నీళ్ళు పోక ఊరు మునుగుతోంది. రెంటికీ కారణం నీటి దారి మూయడమే.

1996 సంవత్సరం

గోదావరి తీరంలో నడివయసు దాటిన ఎవరినైనా అడగండి, 1996 నవంబరు 6 రాత్రి ఎక్కడున్నారో చెప్తారు. కాకినాడకి దక్షిణంగా తుఫాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి పల్లెల నుంచి రొయ్యల వేటకి వెళ్ళినవాళ్ళు పడవలతో సహా తిరిగి రాలేదు. కోనసీమలో కొబ్బరి చెట్లు తోటలకు తోటలే పడిపోయాయి.

సరిగ్గా అయిదు వారాలకి, 1996 డిసెంబరు 11న, తీర ప్రాంతాల్లో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అప్పటికి పదేళ్ళుగా డబ్బు ఆశ మీద తీరమంతా చెరువులు తవ్వేశారు. మడ కొట్టి తవ్వినవీ ఉన్నాయి. సముద్రపు పోటు అంచుకి 500 మీటర్ల లోపు పెద్ద ఎత్తున రొయ్యల సాగు కుదరదని కోర్టు చెప్పింది. 2005లో చట్టం చేసి ఆ వ్యాపారాన్ని వేరే పద్ధతిలో నియంత్రించడం మొదలుపెట్టారు.

మడ అడ్డం ఉంటే ప్రాణాలు నిలుస్తాయా అన్నదానికి ఒడిశాలో లెక్క కట్టి చూశారు. 1999 పెను తుఫానులో కేంద్రపడా జిల్లా పల్లెల్ని పోల్చి చూస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పు ఎక్కువున్న చోట చావులు తక్కువని తేలింది. 2009లో ఆ పరిశోధన అచ్చయింది. కోరంగి పల్లెల్లో ముసలివాళ్ళు చెప్పే మాటా అదే.

ఇప్పుడు ముప్పు ఇంకో వైపు నుంచి వస్తోంది. ఎగువన ఆనకట్టలు పెరిగాక గోదావరి తెచ్చే ఒండ్రు బాగా తగ్గిందని, డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు రాశారు. ఒకప్పుడు మట్టి ఎక్కువై రేవు పోయింది. రేపు మట్టి తక్కువై అడవి, దిబ్బ రెండూ చిక్కిపోవచ్చు. దిబ్బ పోతే కాకినాడకి అడ్డుగోడ పోయినట్టే.

వెళ్ళి చూసేవాళ్ళకి

కాకినాడ నుంచి యానాం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపే కోరంగి. బెంగళూరు నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిన్నగా కాకినాడలో దించుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వలస పక్షులు వచ్చేది అప్పుడే. అడవిలోకి చెక్కలతో నడక దారి వేశారు. బురదలో కాలు పెట్టకుండా, మడ వేళ్ళని చూసుకుంటూ పిల్లలు, పెద్దవాళ్ళు హాయిగా నడవచ్చు. పోటు ఉన్నప్పుడు పడవలో పాయ వెంట వెళ్ళొచ్చు. హోప్ ఐలాండ్‌కి వెళ్ళాలంటే నీళ్ళు, వాతావరణం, అనుమతి మూడూ కలిసి రావాలి. రాత్రి మకాం కాకినాడలో పెట్టుకోవడం మేలు. చలికాలం రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ ఇసుకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. మన టార్చి లైట్లు, మంటలు, పాటలు వాటికి అడ్డం.

అదృష్టముంటే నీటికుక్కల గుంపు కనపడుతుంది. బావురు పిల్లి మాత్రం కనపడటం కష్టం. రాత్రిపూట నీళ్ళలో దిగి చేపలు పట్టే పిల్లి అది. ఈ అడవిలో అవి వందకు పైగా ఉన్నాయని కెమెరాలు పెట్టి తీసిన లెక్కలో తేలింది. దాన్ని చూడకపోయినా, అది ఉన్న అడవిలో నడిచామన్న తృప్తి చాలు. చొల్లంగి తీర్థం రోజుల్లో వెళ్తే పెద్దవాళ్ళకి స్నానం, పిల్లలకి అడవి, రెండూ కలిసొస్తాయి.

మా పిల్లలకి ఇప్పుడు "కాకినాడ దగ్గర" అని చెప్పడం మానేశాం. కోరంగి పక్కన అని చెప్తున్నాం. మన ముందువాళ్ళు ఆ పేరుతో పైదేశాల్లో మాటలు పడ్డారు, మూటలు మోశారు, డబ్బు పంపి ఇక్కడ ఇళ్ళు నిలబెట్టారు. అది దాచుకోవలసిన పేరు కాదు. మీ ఇంట్లో కూడా ఎవరైనా ముసలివాళ్ళు "రంగం" అనో, "కోరంగి ఓడ" అనో మాట జారితే అక్కడే ఆపి అడగండి. ఎవరు వెళ్ళారు, ఏ ఏడు వెళ్ళారు, ఎవరు తిరిగొచ్చారు. పేర్లతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. మా ఇంట్లో తిరిగిరాని ఆయన పేరు తెలిసిన మనిషి ఇప్పుడు ఒక్కరే మిగిలారు. ఆవిడకి తొంభై ఏళ్ళు. ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పేరు రాసుకొస్తాం.